ఇల్లిచ్చిన తరువాత నెల ఖర్చు ఎవరిది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. డి.ఏ. బకాయిల మీద, హెల్తు కార్డుల మీద మాట్లాడేవారు నా తరువాత ఉన్నారు. ఆ సంగతులు వారికి వదిలేస్తాను. మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో ముప్పై మూడేళ్ళు పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసిన విషయమే చెబుతాను. పట్టణాలలో పేదవాళ్ళకు ప్రభుత్వం కట్టించి ఇచ్చే ఇళ్ళు ఎందుకు త్వరగా పాడవుతున్నాయి, అవి నిలవాలంటే ఏం కావాలి అన్నది నేటి నా ప్రసంగ విషయం. పెన్షనర్ల సభలో ఈ గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉన్నది, కాస్త ఓపిక పట్టండి.

డిసెంబరు 17 మనకెందుకు పండుగో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షను సర్కారువారి దయ కాదు, చేసిన సేవకు వచ్చిన హక్కు అని తేలింది. ఆ అయిదుగురు న్యాయమూర్తుల బెంచికి ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు పెద్ద. మన అనంతపురం జిల్లా వారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు అందులో ఒకరు. మూడేళ్ళు తిరగకుండానే, 1985 జూలైలో, వీరిద్దరూ ఉన్న మరొక అయిదుగురి బెంచి ఇంకొక తీర్పు ఇచ్చింది. దాన్ని ఓల్గా టెల్లిస్ కేసు అంటారు. బొంబాయిలో ఫుట్‌పాత్‌ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్ళ కేసు. జీవించే హక్కులో బ్రతుకుతెరువు హక్కు కూడా చేరి ఉన్నదని కోర్టువారు అన్నారు. అంటే వాళ్ళకు ఫుట్‌పాత్ రాసి ఇచ్చారని కాదు, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చుననే అన్నారు. కానీ ఒక మాట మాత్రం రికార్డు మీదికి వచ్చింది. పేదవాడు అక్కడ ఉంటున్నది సరదాకు కాదు, పని దగ్గరుంటుందని. ఇంటినీ పనినీ విడదీస్తే బ్రతుకే పోతుంది.

మన తీర్పును ఏటా తలచుకుంటాం గానీ, దాదాపు అదే పెద్దలు ఇచ్చిన ఈ రెండవ తీర్పును తలచుకునేవారు తక్కువ. నా ఉపన్యాసంలో సగం అందులోనే ఉన్నది. మిగతా సగం మన గ్రాట్యుటీలో, మన పెన్షనులో ఉన్నది. అదెలాగో చెబుతాను.

రిటైరైన రోజున మనకు గ్రాట్యుటీ వచ్చింది, కమ్యుటేషన్ వచ్చింది. ఒక్కసారి చేతిలో పడిన డబ్బు. అమ్మాయి పెళ్ళికో, ఇంటి పై అంతస్తుకో అయిపోయింది. ఈ రోజు మనం బ్రతుకుతున్నది దాని మీద కాదు. ఒకటో తారీఖున పడే పెన్షను మీద. ఈ మధ్య ఒకటో తారీఖు ఎప్పుడొస్తుందో ట్రెజరీవారికే తెలియాలి, ఆ సంగతి వేరు. గ్రాట్యుటీ ఇచ్చి పెన్షను ఇవ్వకపోతే మన గతి ఏమిటో ఆలోచించండి. పేదవాడికి ఇల్లు కట్టించి ఇవ్వడం గ్రాట్యుటీ ఇవ్వడం వంటిది. ఆ ఇంటికి నెలనెలా అయ్యే ఖర్చుకు దారి చూపడం పెన్షను వంటిది. మన దేశంలో గృహనిర్మాణ పథకాలన్నీ మొదటిదాన్ని గురించి ఫైళ్ళకు ఫైళ్ళు నడిపాయి. రెండవదానికి చాలా చోట్ల హెడ్ ఆఫ్ అకౌంటే లేదు.

హైదరాబాదుకు ఇది కొత్త పని కాదు. 1908 మూసీ వరదల తరువాత నిజాము ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీలు తీసివేసి, ఇళ్ళు కట్టించింది. ఇప్పటి హౌసింగు బోర్డుకు పూర్వరూపం అదే. అంత వెనక్కి వెళ్ళను. నేను చెప్పదలచుకున్నది 1967లో మన కార్పొరేషనులో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం గురించి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఆ విభాగంలో పనిచేసిన కమ్యూనిటీ ఆర్గనైజర్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. నేను పొరపాటు చెబితే వారు దిద్దాలి.

ఆ విభాగం పద్ధతి వేరు. ఇంజనీరు కంటే ముందు ఆర్గనైజరు బస్తీకి వెళ్ళేవాడు. బస్తీ కమిటీ, మహిళా మండలి, బాలవాడి, కుట్టు మిషన్లు ఇవన్నీ ముందు వచ్చేవి. కాలువ ఎక్కడ తవ్వాలో, బోరింగు ఎక్కడ వేయాలో వాళ్ళతో కూర్చుని తేల్చేవారు. 1983 నుండి బ్రిటిష్ ప్రభుత్వపు ఓవర్సీస్ డెవలప్‌మెంట్ సంస్థ సాయం రావడంతో పని పెద్దదయింది. తరువాత విశాఖపట్నంలో, విజయవాడలో కూడా ఇదే తరహా పథకం జరిగింది. అక్కడ చేసిందల్లా ఏమిటి? బస్తీని కదల్చలేదు. ఉన్న చోటనే రోడ్డు, మురుగు కాలువ, నీళ్ళు, వీధి దీపాలు వేశారు. వీలున్న చోట పట్టా చేతిలో పెట్టారు. ఇల్లు మాత్రం వాళ్ళే కట్టుకున్నారు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులలో మాకు అది చాలా చిన్న పనిగా కనిపించేది. సిమెంటు రోడ్డు, రెండడుగుల డ్రెయిను, ఎం.బుక్కులో నాలుగు పేజీలు. కానీ పట్టా వచ్చిన మనిషి ఏం చేస్తాడో కళ్ళారా చూశాను. మొదటి ఏడు తడికె తీసి ఇటుక గోడ పెడతాడు. రెండేళ్ళకు రేకులు వస్తాయి. కొడుకు పనికి వెళ్ళడం మొదలుపెడితే స్లాబు పడుతుంది. ఆ పైన గది వేసి అద్దెకు ఇస్తాడు. ఆ ఇల్లు బాగుచేయడానికి ఏ అసోసియేషనూ, ఏ జి.ఓ.నూ అక్కరలేదు. పెంకు పగిలితే మార్చుకుంటాడు. గోడ తనది, కప్పు తనది, మెట్లు తనవి. ఉమ్మడిగా ఉన్నవి రోడ్డూ, కాలువా, అవి మున్సిపాలిటీవి. ఎవరి ఖర్చు ఎవరిదో ఎవరికీ సందేహం లేదు.

తరువాత భూమి ధరలు పెరిగాయి. పేదవాళ్ళకు చదరం ఇచ్చే రోజులు పోయాయి. 2001 డిసెంబరులో హైదరాబాదులోనే ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన, ఆ తరువాత రాజీవ్ గృహకల్ప, 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ మిషను, 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్, అదే ఏడు తెలంగాణలో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇళ్ళు, ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్ళు, ఇలా ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. పార్టీల మాట నేను ఎత్తను. ప్రతి ప్రభుత్వమూ కట్టింది. చాలా ఇళ్ళు నిజంగా బాగున్నాయి కూడా. 560 చదరపు అడుగులలో రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, రెండు మరుగుదొడ్లు. నేను సర్వీసులో చేరినప్పుడు నాకు దొరికిన క్వార్టరు ఇంత లేదు.

మార్పు ఎక్కడ వచ్చిందంటే, ఇల్లు నేల మీద నుండి లేచి అంతస్తులలోకి వెళ్ళింది. 2015లో గృహప్రవేశాలు జరిగిన సికింద్రాబాదు ఐ.డి.హెచ్. కాలనీ చూడండి. 396 ఇళ్ళు, జి ప్లస్ టూ. లిఫ్టు లేదు. ఉన్న బస్తీ స్థలంలోనే కట్టి ఆ బస్తీవాళ్ళకే ఇచ్చారు. ఇరుగు పొరుగు మారలేదు, పనులు మారలేదు. ఇక 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు కాలనీ చూడండి. 117 బ్లాకులు, 15,660 ఇళ్ళు, తొమ్మిది పది పదకొండు అంతస్తులు. మన రాష్ట్రంలో కొన్ని మున్సిపల్ పట్టణాలలో అన్ని ఇళ్ళు ఉండవు. లిఫ్టులు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, అన్నీ ఉన్నాయి. ఇంజనీరుగా చూస్తే నాకు గర్వమే. అయితే ఊరికి అది ఎంత దూరం! పాతబస్తీ మనిషికి అక్కడ ఇల్లు వస్తే పోనూ రానూ అరవై కిలోమీటర్లు. పైగా కంప్యూటర్ లాటరీ తీశారు. లాటరీలో అన్యాయం జరగదు, నిజమే. కానీ ఒక బస్తీలో ముప్పై ఏళ్ళు కలిసి ఉన్న పదిమంది పది బ్లాకులకు చెదిరిపోతారు. కొత్త బ్లాకులో మెట్ల మీద ఎదురయ్యే మనిషి ఎవరో తెలియదు. తెలియని వాళ్ళు కలిసి నెలకు ఇంత వేసుకుని మోటారు బాగు చేయించుకోవాలి.

మనలో ఎపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళు చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. మెయింటెనెన్సు ఇవ్వని ఫ్లాటు వాడితో పడే యాతన మీకు నేను చెప్పాలా? నెల జీతమో పెన్షనో వచ్చే మన దగ్గరే ఆ గతి. ఇక రోజు కూలీ మీద బ్రతికే నూరు కుటుంబాల బ్లాకు తీసుకుని, మాట వరసకు లెక్క వేద్దాం. లిఫ్టు కరెంటు, లిఫ్టు కంపెనీ వార్షిక కాంట్రాక్టు, నీళ్ళ మోటారు, మెట్ల దీపాలు, ఊడ్చే మనిషి, వాచ్‌మన్. ఇంటికి నెలకు 300 అనుకుంటే 30,000 రావాలి. మొదటి నెల తొంభై మంది ఇస్తారు, కొత్త ఇంటి సంబరం. మూడో నెలకు అరవై. ఒకసారి లిఫ్టు ఆగి వారం రోజులు బాగు కాకపోతే, పై అంతస్తులవాడు లిఫ్టే లేదు డబ్బెందుకు అంటాడు, కింద అంతస్తువాడు నేను లిఫ్టే ఎక్కను డబ్బెందుకు అంటాడు. ఇద్దరి మాటా న్యాయంగానే వినిపిస్తుంది. బ్లాకు పతనం అక్కడ మొదలవుతుంది.

ఇదంతా రోజువారీ ఖర్చు. పెద్ద ఖర్చు వేరే ఉన్నది. లిఫ్టు తాళ్ళు మార్చాలి, డాబా మీద వాటర్‌ప్రూఫింగు చేయాలి, పైపులు తుప్పుపడతాయి, పదేళ్ళకొకసారి బయటి గోడలకు రంగు వేయాలి. కట్టడానికి అయిన ఖర్చులో ఏడాదికి నూటికి ఒక్క రూపాయి పక్కన పెట్టాలనుకుందాం. ఇల్లు 7 లక్షలైతే ఏడాదికి 7,000, నెలకు 583 రూపాయలు. పైన చెప్పిన 300 కాక ఇది. కట్టేటప్పుడు ఎస్టిమేటులో ఇటుకను, ఇనుమును, సిమెంటును పైసలతో సహా లెక్కవేసిన మేము, ఈ 583 రూపాయలు ఎవరు ఇస్తారన్న కాలమ్ పెట్టిన ఎస్టిమేటు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. ఆ ఫారంలో అసలు ఆ గడి లేదు.

గడి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా దాకా వెళ్ళి వద్దాం. సెయింట్ లూయిస్ నగరంలో 1950లలో ప్రూయిట్-ఐగో అని పేదల కాలనీ కట్టారు. 33 బ్లాకులు, పదకొండేసి అంతస్తులు, 2,870 ఇళ్ళు. డిజైను చేసిన మినోరు యమసాకి తరువాత న్యూయార్క్ జంట టవర్లు కట్టిన ఆర్కిటెక్టు. కట్టడానికి ఫెడరల్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. మెయింటెనెన్సు మాత్రం అద్దెల నుండే రావాలన్నారు. ఇంతలో నగర జనాభా తగ్గింది, పనులు పోయాయి. కాస్త సంపాదన ఉన్నవాళ్ళు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఎక్కువ అద్దె కట్టలేరు. అద్దె తగ్గింది కనుక రిపేర్లు తగ్గాయి, రిపేర్లు తగ్గాయి కనుక ఇంకా కొందరు వెళ్ళారు. లిఫ్టులు ఆగాయి, పైపులు పగిలాయి, అద్దాలు పోయాయి. ప్రారంభమై ఇరవై ఏళ్ళు కాకముందే, 1972లో, మందుపాతర పెట్టి కూల్చడం మొదలుపెట్టారు. తప్పు డిజైనుదని కొందరు, మనుషులదని కొందరు వాదించారు. లెక్కల పుస్తకం చూసిన వాళ్ళకు మాత్రం ఆ వాదన అంత అవసరం కనిపించదు.

దూరమెందుకు, మద్రాసు చూడండి. తిరువొట్రియూరులో 1993లో కట్టిన బోర్డు ఇళ్ళ బ్లాకు ఒకటి 2021 డిసెంబరు 27న కూలిపోయింది. అందులో 24 ఇళ్ళు. పగుళ్ళు గమనించి జనం ముందే బయటికి వచ్చేశారు కనుక ప్రాణాలు దక్కాయి. ఆ బ్లాకు వయసు 28 ఏళ్ళు. కాంక్రీటు భవనానికి అది వయసే కాదు. మనలో చాలామంది సర్వీసు అంతకంటే ఎక్కువ.

ఇక మన వాళ్ళ నోట తరచు వినిపించే మాట ఒకటి ఉన్నది. మన సంఘం ఆఫీసులో పత్రికలు చదువుకుంటూ కూడా అంటుంటారు. "వాళ్ళకెన్ని ఇచ్చినా అంతే, అద్దెకిచ్చుకుని మళ్ళీ గుడిసెలోకే పోతారు" అని. మా ఇంట్లో పనిచేసే ఆమె సంగతి చెబుతాను, తరువాత మీ ఇష్టం. ఆమెకు ఊరి చివర ఒక కాలనీలో ఇల్లు వచ్చింది. కాలనీ పేరు చెప్పను. ఎంతో సంబరపడింది, మా ఆవిడ పాల గిన్నె, దీపాలు ఇచ్చి పంపింది. నాలుగైదు నెలలు అక్కడి నుండే వచ్చింది. నాలుగు ఇళ్ళలో పని, మొదటి ఇంటికి ఆరున్నరకు రావాలి. నాలుగింటికి లేచి రెండు బస్సులు మారి వచ్చేది. 2023 డిసెంబరు నుండి ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కదా, చార్జీల బాధ లేదు కదమ్మా అన్నాను. "బస్సు ఫ్రీనే సారూ, గని ఆ మూడు గంటల కూలి ఎవరిస్తరు?" అన్నది. రెండు ఇళ్ళ పని పోయింది. ఆఖరుకు పాత బస్తీలో ఒక గది అద్దెకు తీసుకుని, కొత్త ఇంటిని వేరే ఎవరికో అద్దెకు ఇచ్చింది. అక్కడ వచ్చే అద్దె ఇక్కడ కట్టే అద్దెకు చాలదు. రూలు ప్రకారం అది తప్పే. కానీ ఆమె లెక్కలో నేను ఒక్క పొరపాటు కూడా పట్టుకోలేకపోయాను. చంద్రచూడ్ గారు, చిన్నపరెడ్డి గారు 1985లో చెప్పిన సంగతినే ఆమె బస్సు టైము లెక్కతో చెప్పింది.

రూలు అన్నాను కనుక ఇంకొక మాట. ప్రభుత్వం ఇచ్చిన స్థలాలు అమ్మకూడదని 1977 నాటి 9వ నంబరు చట్టం ఉన్నది. ఉద్దేశం మంచిదే, పేదవాడి చేతిలోది జారిపోకూడదని. అయితే అమ్ముకోవలసిన అవసరం వచ్చినవాడు అమ్మక మానడు. తెల్ల కాగితం మీద, సగం ధరకు అమ్ముతాడు. కొన్నవాడికి రిజిస్ట్రేషను లేదు, అసోసియేషనులో పేరు లేదు, మెయింటెనెన్సు అడిగితే నేను ఓనరునే కాదంటాడు. కొన్నేళ్ళ గడువు పెట్టి, ఆ తరువాత బాకీలు లేవని అసోసియేషను సర్టిఫికెట్టు ఇస్తేనే మార్పిడి అన్న పద్ధతి ఉంటే ఇటు పేదవాడికి న్యాయమైన ధర వస్తుంది, అటు బకాయిలూ వసూలవుతాయి. ఇది నా అభిప్రాయం. రెవెన్యూ శాఖ మిత్రులు ఒప్పుకోకపోవచ్చు.

పేదవాళ్ళ దగ్గర డబ్బు అడగవచ్చా అన్న ప్రశ్న మీద మన దేశంలో రెండు వాదాలున్నాయి. జవహర్‌లాల్ నెహ్రూ మిషను మార్గదర్శకాలలో ఇల్లు పూర్తిగా ఉచితంగా ఇవ్వకూడదు, లబ్ధిదారు నూటికి 12, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఇతర బలహీన వర్గాలవారైతే 10 వాటా పెట్టాలి అని రాశారు. తెలంగాణ డబుల్ బెడ్‌రూం పథకంలో పైసా వాటా లేదు. ఈ రెంటిలో నాకు రెండవదే నచ్చుతుంది. కూలీ మనిషిని ముందుగా యాభై వేలు తెమ్మంటే వడ్డీ వ్యాపారి దగ్గరకు పంపినట్లే. కట్టే ఖర్చు ప్రభుత్వం పూర్తిగా పెట్టుకోవచ్చు. కానీ కట్టిన తరువాతి ఖర్చులో ఇంటివాళ్ళకు చిన్న వాటా, దాని మీద పూర్తి పెత్తనం, రెండూ ఉండాలి. పెత్తనం లేకుండా వాటా అడిగితే ఇవ్వరు. మనమైనా ఇవ్వం.

ఇందుకు అహమ్మదాబాదులో మంచి ఉదాహరణ ఉన్నది. 1995 నుండి అక్కడి మున్సిపల్ కార్పొరేషను పరివర్తన్ అనే పథకం నడిపింది. మన హైదరాబాదు పద్ధతికి దగ్గరిది. బస్తీని ఉన్న చోటనే ఉంచి ఇంటింటికీ నల్లా, మరుగుదొడ్డి, డ్రైనేజీ ఇచ్చారు. పదేళ్ళదాకా ఖాళీ చేయించమని కార్పొరేషను మాట ఇచ్చింది. ప్రతి కుటుంబమూ 2,000 రూపాయలు వాటా కట్టింది. సేవా బ్యాంకు అందుకు అప్పులిచ్చి, ఆడవాళ్ళ చేత కొద్దికొద్దిగా కట్టించుకున్నది. నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉన్నది. ఆ 2,000 కాక, ఇంటికి ఇంకొక 100 రూపాయలు తీసుకుని బస్తీ సంఘం పేరున నిధి పెట్టించారు, పనులు అయిపోయిన తరువాత రిపేర్లకు. నూరు రూపాయలు చిన్న మొత్తమే. అయితే మొదటి రోజే ఆ ఖాతా తెరిచారు, అదీ ముఖ్యం. బొంబాయి మురికివాడల పునరావాస పథకంలో కూడా, బిల్డరు ఒక్కొక్క ఇంటికి మొదట్లో 20,000 చొప్పున మెయింటెనెన్సు నిధి కింద డిపాజిట్ చేయాలని నియమం పెట్టారు. సింగపూరులో అయితే టౌన్ కౌన్సిళ్ళు నెలనెలా వసూలు చేసి, అందులో కొంత దీర్ఘకాల రిపేర్ల నిధికి తీసిపెట్టాలని 1988లో చట్టమే వచ్చింది. ఆ దేశంలో జనాభాలో మూడొంతులకు పైన ప్రభుత్వ ఫ్లాట్లలోనే ఉంటారు. వాళ్ళ జీతాలు వేరు, మన కూలీలు వేరు, పోల్చను. పద్ధతి మాత్రం పనికివస్తుంది.

మన లెక్క వేసి చూద్దాం. 7 లక్షల ఇంటికి మంజూరు సమయంలోనే నూటికి 2 చొప్పున, అంటే 14,000, నిధిగా పక్కన పెడితే నూరు ఇళ్ళ బ్లాకుకు 14 లక్షలు. ఏడు శాతం వడ్డీకి ఏడాదికి 98,000. నెలకు ఎనిమిది వేల పైచిలుకు. దానితో అన్నీ జరగవు. లిఫ్టు కాంట్రాక్టు, మోటారు రిపేరు గడిచిపోతాయి. ఇంటివాళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా లిఫ్టు తిరుగుతూ ఉంటుంది. లిఫ్టు తిరుగుతున్న బ్లాకులో మిగతా చందా వసూలు చేయడం సులువు. కొన్ని కాలనీలలో దుకాణాలు కట్టి ఆ అద్దె నిర్వహణకు వాడాలన్న ఆలోచన చేశారు, మంచిదే. కానీ ఆ అద్దె కాలనీ ఖాతాలో పడాలి. కార్పొరేషను జనరల్ ఫండులో పడితే ఏమవుతుందో అకౌంట్స్‌లో పనిచేసినవాళ్ళను అడగండి.

చందా నెలకొకసారి అడగడం కూడా సరికాదు. మన హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు వాయిదాలు సజావుగా ఎందుకు తీరాయి? జీతం బిల్లులోనే కోసుకున్నారు కనుక. మన చేతికి వచ్చి మనం కట్టాల్సి వస్తే ఎందరం కట్టేవాళ్ళమో! రోజు కూలీ మనిషి దగ్గర ఒకటో తారీఖున మూడు వందలు ఉండవు, వారానికి డెబ్భై అయిదు ఉంటాయి. పొదుపు సంఘం ఆడవాళ్ళ దగ్గర ఆ అలవాటు ఎప్పటినుంచో ఉన్నది. వారం పొదుపుతో పాటు ఇదీ వసూలు చేయవచ్చు.

2024లో సొంత స్థలం ఉన్నవాళ్ళకు అయిదు లక్షలు ఇచ్చే ఇందిరమ్మ ఇళ్ళు మొదలయ్యాయి. పల్లెల్లో, చిన్న పట్టణాలలో అది నేను ముందు చెప్పిన పాత పద్ధతికి దగ్గరిదే. హైదరాబాదులో పేదవాడికి సొంత స్థలం ఎక్కడిది? ఇక్కడ అంతస్తులు తప్పవు. కనుక కట్టిన అంతస్తులు కాపాడుకోవడమే ముందున్న పని.

అందులో మనం చేయగలిగింది ఉన్నది కనుకనే ఇంతసేపు మాట్లాడాను. ఈ కాలనీలలో అసోసియేషన్లు కాగితం మీద ఏర్పడ్డాయి. సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద ఏటా లెక్కలు దాఖలు చేయాలి, సర్వసభ్య సమావేశం జరపాలి. ఆ కాగితాలు రాసేవాళ్ళు వాళ్ళలో తక్కువ. వసూలైన మూడు వేలకు రసీదు లేకపోతే నాలుగో నెల ఎవరూ ఇవ్వరు. అనుమానం ఒక్కటి చాలు. మన సంఘంలో ట్రెజరీ వాళ్ళున్నారు, లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్ళున్నారు, కో-ఆపరేటివ్ శాఖ ఇన్‌స్పెక్టర్లున్నారు, విద్యుత్తు బోర్డు లైన్ ఇన్‌స్పెక్టర్లున్నారు, నావంటి కాంట్రాక్టరు బిల్లులు చూసిన ఇంజనీర్లున్నారు. క్యాష్ బుక్కు, రసీదు పుస్తకం, మినిట్స్ బుక్కు, ఈ మూడూ నేర్పించడానికి నెలకు ఒక ఆదివారం చాలు. అధ్యక్ష పదవుల జోలికి, వాళ్ళ రాజకీయాల జోలికి మనం పోవద్దు. డబ్బు కూడా ముట్టుకోవద్దు. లెక్క రాయడం నేర్పి, మూడు నెలలకొకసారి సరిచూసి, ఆ కాగితం లిఫ్టు పక్కన గోడకు అంటించి రావడమే మన పని.

కార్యదర్శి గారితో మాట్లాడాను. ముందు ఒక్క కాలనీలో రెండు బ్లాకులతో మొదలుపెడదామన్నారు. మెట్లు ఎక్కలేనివాళ్ళు బెంగపడనక్కరలేదు, సమావేశం కిందనే జరుగుతుంది. పేర్లు ఇవ్వదలచినవారు గుమ్మం దగ్గర కోశాధికారి గారి టేబుల్ మీద ఉన్న రిజిస్టరులో రాయండి. ఏ శాఖలో ఏ సీటు చూశారో కూడా రాయండి, దాన్నిబట్టి పని పంచుకుందాం. కుటుంబ సభ్యులలో టైపింగు, కంప్యూటరు వచ్చిన పిల్లలుంటే వాళ్ళ పేర్లు కూడా ఇవ్వండి. జనవరి రెండో ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు సంఘం ఆఫీసు దగ్గర కలుద్దాం. బస్సులోనే పోదాం, ఆ దూరమెంతో మనకూ తెలుస్తుంది.